గోలీ తప్పనీయకండి! పిల్లవాడు కుప్పకూలితే ఛాతీ నొక్కండి!

గుండె మార్పిడి జరిగిన మన పిల్లల ప్రాణాల కోసం నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రజలకు విజ్ఞప్తి

అమ్మలారా, అయ్యలారా, సర్కారు బడి సార్లారా, హాస్టల్ వార్డెన్లారా, ఆశా అక్కలారా, ఆటో అన్నలారా!

2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్ మెట్రో రైలు ఒకటి నాగోలులో బయల్దేరి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడుమ ఏ స్టేషన్‌లోనూ ఆగకుండా పోయింది. రైలులో ఒక పెట్టె, దాని వెంట డాక్టర్లు. పెట్టెలో మన నల్గొండ జిల్లా రైతు గుండె. బ్రెయిన్‌డెడ్ అయిన ఆ 45 ఏళ్ల మనిషి అవయవాలను ఇంటివాళ్లు దుఃఖం దిగమింగుకుని దానం చేశారు. 21 కిలోమీటర్ల దూరం అరగంటలో దాటింది. డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం ఆ గుండెను ఇంకొక మనిషికి అమర్చింది. ఆ వార్త టీవీలో చూసి, మన జిల్లా పేరు విని గర్వపడినవాళ్లం మనమే.

ఆ గుండె పెద్దమనిషికి పోయింది. చిన్నపిల్లలకు కూడా ఇట్లనే గుండెలు మారుస్తున్నారు. పుట్టుకతోనే గుండె సరిగ్గా ఏర్పడక, ఎన్ని ఆపరేషన్లు చేసినా కుదుటపడని పిల్లలు ఉంటారు. గుండె కండరం ఉబ్బిపోయి నెత్తురు నెట్టే బలం పోయిన పిల్లలు ఉంటారు. వాళ్లకు మిగిలిన దారి ఇదొక్కటే. లోకంలో మొదటిసారి పసిబిడ్డకు గుండె మార్చింది 1967 డిసెంబర్ 6న, అమెరికాలోని బ్రూక్లిన్‌లో. ఆ బిడ్డ కొన్ని గంటలే బతికింది. మన దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. చేసినవారు రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. ఈనాడు పసితనంలో గుండె మారిన పిల్లల్లో సగానికి పైగా ఇరవై ఏళ్లు దాటి బతుకుతున్నారు. బడికి పోతున్నారు, పరీక్షలు రాస్తున్నారు, ఆడుతున్నారు. ఇది నిజం. ముందుగా ఈ మాట ఎందుకు చెప్తున్నామంటే, కింద రాసింది చదివి ఏ తల్లీ గుండె జారిపోవద్దు.

టీవీలు చూపించేది ఆపరేషన్ దాకానే. బిడ్డ డిశ్చార్జ్ అయి ఊరికి వచ్చాక ఏం జరుగుతుందో ఎవరూ చూపించరు. ఈ కరపత్రం దాని గురించే.

గుండె మారిన పిల్లల్లో కొందరు, బాగానే ఉన్నారనుకున్న రోజునే, ఉన్నట్టుండి గుండె ఆగి కుప్పకూలుతారు. అమెరికాలో పిల్లలకు గుండె మార్చే ఆసుపత్రులు కొన్ని కలిసి దాదాపు 2,500 మంది పిల్లల వివరాలు కూర్చి 2011లో అచ్చువేశాయి. వాళ్లలో 604 మంది చనిపోగా, 94 మందిది హఠాన్మరణం. అంటే దాదాపు ప్రతి ఆరు చావుల్లో ఒకటి. మార్పిడి జరిగి అయిదేళ్లు గడిచేసరికి నూటికి 97 మంది ఈ ముప్పు తగలకుండా ఉన్నారన్నది ధైర్యమిచ్చే మాట. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఈ ముప్పు తగ్గలేదన్నది అదే లెక్క చెప్పిన ఇంకో మాట. మొదటి ఏడాది దాటింది, ఇక గండం గడిచిందని చేతులు దులుపుకోవడానికి లేదు. మొదటి ఏడాదిలో శరీరం కొత్త గుండె మీద ఎక్కువసార్లు తిరగబడ్డ పిల్లలకూ, కాస్త పెద్ద వయసులో మార్పిడి చేయించుకున్న పిల్లలకూ ముప్పు ఎక్కువని కూడా తేలింది.

ఎందుకు ఇట్లా అవుతుంది? మన ఒంట్లో రోగాలతో కొట్లాడే శక్తికి కొత్త గుండె పరాయిదిగానే కనిపిస్తుంది. దాని మీద దాడి చేస్తుంది. డాక్టర్లు రిజెక్షన్ అనేది దీన్నే. ఆ దాడిని అణచి ఉంచడానికే టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లాంటి గోలీలు బతికినంత కాలం వాడాలి. గోలీలు తప్పితే దాడి మొదలవుతుంది. గోలీలు వాడుతున్నా కూడా, ఏళ్ల తరబడి గుండెకు నెత్తురు తెచ్చే నాళాలు లోపల మందమెక్కి సన్నబడుతూ పోవచ్చు. పెద్దవాళ్లకు వచ్చే హార్ట్ ఎటాక్‌లో నాళం ఎక్కడో ఒకచోట మూసుకుంటుంది. ఈ పిల్లల్లో నాళం పొడుగునా సన్నబడుతుంది, అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెప్తున్నాం, దయచేసి రెండుసార్లు చదవండి. గుండె మార్చేటప్పుడు దానికి తగిలి ఉన్న నరాలు తెగిపోతాయి. కొందరిలో కొన్ని నరాలు ఏళ్ల మీద మళ్లీ పెరుగుతాయి కానీ వాటిని నమ్ముకోలేం. నరాలు లేని గుండెకు నెత్తురు అందకపోయినా ఛాతీలో నొప్పి సాధారణంగా రాదు. మన నాయినకు, తాతకు గుండెపోటు వస్తే ఛాతీ పట్టుకుంటారు, ఎడమ చెయ్యి గుంజుతోందంటారు. ఈ పిల్లలు ఆ మాట అనరు, వాళ్లకు తెలియదు కనుక. అలిసిపోయిన అంటారు. కడుపులో నొప్పి, వాంతి వస్తోంది అంటారు. అన్నం వద్దంటారు. నిన్నటిదాకా ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేరు. మొఖం, కాళ్లు ఉబ్బుతాయి. ఆడుతూ ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయి, లేచి మళ్లీ మామూలుగా ఉంటారు. మన ఊళ్లలో దీన్ని ఎండదెబ్బ అంటాం, దిష్టి అంటాం, గాలి తగిలిందంటాం, గ్యాస్ అంటాం. గుండె మారిన బిడ్డ విషయంలో ఈ మాటల్లో ఏదీ నోట రానీయకండి. ఒక్కసారి స్పృహ తప్పి పడినా, ఆ రోజే మార్పిడి చేసిన దవాఖానకు ఫోన్ చేయాలి. తెల్లారి చూద్దామని ఆగొద్దు.

ఇక గోలీల సంగతి. పన్నెండు గంటలకోసారి, పొద్దున ఏ వేళకో రాత్రి అదే వేళకు. పొద్దున ఏడింటికి వేస్తే రాత్రి ఏడింటికి. నెత్తురులో మందు ఎంత ఉందో చూసే పరీక్షకు పోయే రోజు పొద్దుటి గోలీ వేయకుండా పోవాలి, నెత్తురు ఇచ్చాకే వేయాలి. గోలీ వేసుకుని పోతే లెక్క తప్పుగా వస్తుంది, డోసు తప్పుగా మారుతుంది. మందుల షాపులో ఆ కంపెనీది లేదు, ఇది కూడా అదే మందు అని వేరేది చేతిలో పెడితే డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. కంపెనీ మారితే నెత్తురులో మోతాదు మారవచ్చు.

పాలమూరు వలస గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మానాయినలు ముంబైకో, పుణెకో, హైదరాబాద్ కట్టడాల దగ్గరికో పోతారు. బిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. అవ్వకు చదువు రాదు, కంటిచూపు ఆనదు. గోలీ పట్టీలు మూడు నాలుగు రకాలు, అన్నీ ఒక్క తీరుగానే కనిపిస్తాయి. ఇది అవ్వ తప్పు ఎట్లా అవుతుంది? వలసపోయే ముందు ఊళ్లో ఒక మనిషికి, ఆశా అక్కకో, పక్కింటి ఇంటర్ పిల్లకో, ఆ గోలీల బాధ్యత పేరుపెట్టి అప్పజెప్పండి. పగటి గోలీకి ఎర్ర గుడ్డ సంచి, రాత్రి గోలీకి నల్ల గుడ్డ సంచి కుట్టించండి. నెలకు సరిపడా కాకుండా పదిహేను రోజులకు ఎక్కువే తెచ్చి పెట్టండి. సంక్రాంతికి, దసరాకు, మన్యంకొండ జాతరకు, చెర్వుగట్టు జాతరకు పోయినా ఆ సంచి మనిషి వెంటే ఉండాలి.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. స్టెరాయిడ్ గోలీలకు మొఖం ఉబ్బుతుంది, మొటిమలు వస్తాయి. తోటివాళ్లు వెక్కిరిస్తారు. బాగానే ఉన్నాను కదా, ఇవి ఎందుకని చాటుగా పారేస్తారు. గుండె మారిన పిల్లలను కోల్పోతున్న పెద్ద కారణాల్లో ఇదొకటి. తిట్టి, కొట్టి మింగించలేం. ఆ గోలీ ఎందుకో, మానేస్తే లోపల ఏం జరుగుతుందో ఎదిగిన మనిషితో మాట్లాడినట్టు కూర్చోబెట్టి చెప్పాలి. ఎదురుగా కూర్చుని మింగేదాకా చూడాలి.

ఊళ్లో వైద్యం చేసే ఆర్ఎంపీ అన్నలకు ఒక మనవి. జ్వరం వచ్చిందని ఈ పిల్లలకు మీరు సూది వేయొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటివి నెత్తురులో ఆ మందును ఒక్కసారిగా పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దాన్ని పడగొడుతుంది. పసర్లు, నాటుమందులు, పంపరపనస పండు కూడా వద్దు. ఆశా అక్కలారా, పల్స్ పోలియో ఆదివారం నాడు చుక్కలు వేసే ముందు, మీజిల్స్ రుబెల్లా సూది వేయించే ముందు, ఈ పిల్లల విషయంలో వాళ్ల డాక్టరును అడగకుండా ముందుకు పోవద్దు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా గుండె ఆగే రోజు రావచ్చు. అప్పుడేం చేయాలో ఊరంతా నేర్చుకోవాలి. 2005 నుంచి 108 బండి మనకు అండగా ఉంది. కానీ దేవరకొండ తండాలకు, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకు, మక్తల్ పక్క పల్లెలకు అది ఎంత ఉరికివచ్చినా నిమిషాలు గడుస్తాయి. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఛాతీ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గుతుంది. ఆ నిమిషాలు బిడ్డ పక్కన ఉన్నవాళ్లవే. అంటే మనవే.

పిల్లవాడు కుప్పకూలాడు. భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకలేదు. ఛాతీ వైపు పది సెకన్లు మించకుండా చూడండి. ఊపిరి ఆడటం లేదు, లేదా చేప నోరు తెరిచినట్టు అప్పుడొకటి అప్పుడొకటి ఎగశ్వాస తీస్తున్నాడు. ఆ ఎగశ్వాసను ఊపిరి అనుకోవద్దు. కాళ్లు చేతులు ఒకటి రెండుసార్లు కొట్టుకుంటే ఫిట్స్ అనుకోవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, మొఖం మీద నీళ్లు చల్లడం, సోడా తాగించడం, వీటితో పోయే ప్రతి నిమిషం ఆ బిడ్డ ఆయుష్షులోంచి పోతుంది. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఇంకొకరు వెంటనే మొదలుపెట్టండి.

మంచం మీద కాదు, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. అంగీ గుండీలు విప్పండి. రెండు చనుమొనల నడుమ, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించండి. చిన్నపిల్లయితే ఒక చెయ్యి చాలు, పెద్ద పిల్లయితే రెండో చెయ్యి దాని మీద వేయండి. మోచేతులు వంచకుండా, మీ భుజాల బరువంతా దించి నొక్కండి. ఛాతీ మందంలో మూడోవంతు, అంటే దాదాపు రెండు అంగుళాలు దిగాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని మళ్లీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ముప్పైసార్లు నొక్కాక, తల కొద్దిగా వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదండి. ఛాతీ లేచేంత ఊదితే చాలు. ఊదడం రాకపోతే, నొక్కడమైనా ఆపొద్దు. రెండు నిమిషాలకు మనిషి మారండి, ఎందుకంటే అలిసిన చెయ్యి లోతుగా నొక్కదు. ఎముక విరుగుతుందేమోనని భయపడొద్దు. ఎముక అతుకుతుంది. బండి వచ్చి వాళ్లు చేతుల్లోకి తీసుకునేదాకా నొక్కుతూనే ఉండండి. ఏడాది లోపు పసిపాపయితే రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో గానీ, ఒక అరచేతి మడమతో గానీ నొక్కాలి, ఒకటిన్నర అంగుళం దిగితే చాలు.

ఏఈడీ అనే చిన్న యంత్రం ఉంటుంది. రెండు పట్టీలు ఛాతీకి అంటిస్తే అదే గుండె తీరు చూసి, షాక్ అవసరమా కాదా అదే తేల్చి, ఏం చేయాలో మాటలతో చెప్తుంది. అవసరం లేని మనిషికి అది షాక్ కొట్టదు. చెమట పట్టిన ఛాతీని తుడిచి పట్టీలు అంటించాలి. పిల్లల పట్టీలు లేకపోతే పెద్దవాళ్ల పట్టీలే ఒకటి ముందు, ఒకటి వీపుకు అంటించాలి. హఠాత్తుగా లయ తప్పి ఆగిన గుండెను చాలాసార్లు మళ్లీ దారిలో పెట్టేది ఈ షాకే. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం, ఇట్లా ఛాతీ నొక్కి గాలి ఊదడం నేర్పే సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. సంతోషించాం. ఆ శిక్షణ మన మండలాల్లోని పీటీ సార్లకు, హాస్టల్ వాచ్‌మన్లకు, బడి బస్సు డ్రైవర్లకు, మధ్యాహ్న భోజనం వండే అక్కలకు అందేదాకా మేము అడుగుతూనే ఉంటాం.

మన జిల్లాల్లో గుండె మారిన పిల్లలు ఎందరుంటారు, వాళ్ల కోసం ఇంత హడావిడి దేనికి అని కొందరు అడిగారు. తక్కువమందే ఉంటారు. అయితే ఒక్క బిడ్డ ఉన్న ఊరికి ఆ లెక్కతో పనేముంది? పైగా, బడిలో ఆ బిడ్డ కోసం నేర్చుకున్న చేతులే రేపు బావి దగ్గర మోటారు స్టార్టర్ షాక్ కొట్టిన రైతు ఛాతీ మీద, కుంటలో మునిగి తేలిన పిల్లవాడి ఛాతీ మీద, నార్కట్‌పల్లి దగ్గరో జడ్చర్ల దగ్గరో రోడ్డు మీద కుప్పకూలిన లారీ డ్రైవర్ ఛాతీ మీద పడతాయి.

తల్లిదండ్రులారా, ఒక మాట కడుపు చించుకుని చెప్తున్నాం. గుండె మార్చారన్న సంగతి దాచిపెట్టొద్దు. ముఖ్యంగా ఆడపిల్లయితే, రేపు పెళ్లి సంబంధాలు రావని, ఆపరేషన్ గాటు కనబడకుండా గొంతు దాకా గుండీలు పెట్టించి, బడిలో చెప్పకుండా పంపుతున్నారు. మీ భయం మాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్ల ప్రార్థన వేళ పడిపోతే, పొద్దున తినకుండా వచ్చిందని టీచర్ గ్లూకోజ్ నీళ్లు తాగించబోతుంది. తెలిసిన టీచర్ ఛాతీ మీద చెయ్యి వేస్తుంది. హెడ్మాస్టరుకు, క్లాస్ టీచరుకు, హాస్టల్ వార్డెన్‌కు చెప్పండి. డాక్టర్ పేరు, ఫోన్ నంబరు, వాడే మందులు రాసిన కార్డు పిల్ల మెడలో తాడుకు వేయండి. సార్లారా, మీరు ఆ సంగతి విని పిల్లను మూలకు కూర్చోబెట్టొద్దు. వాళ్లు ఆడవచ్చు. నరాలు లేని గుండె వేగం అందుకోవడానికి కొంత సేపు పడుతుంది, నెమ్మదించడానికీ కొంత సేపు పడుతుంది. కాబట్టి కబడ్డీకి ముందు కాసేపు మెల్లగా నడిపించి, ఆట అయ్యాక ఒక్కసారిగా కూలబడనీయకుండా ఇంకాసేపు నడిపించండి. ఎంత ఆట ఆడవచ్చో వాళ్ల డాక్టరే చెప్తారు.

కలెక్టర్లను, జిల్లా వైద్యాధికారులను, ఎమ్మెల్యేలను మేము అడిగేది చాలా మామూలు సంగతి. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్గొండకు, సూర్యాపేటకు 2019లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. నాగర్‌కర్నూల్, వనపర్తికి ఆ తర్వాత వచ్చాయి. అయినా నెత్తురు పరీక్షకు, నెల మందులకు మన పిల్లలు వంద కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాద్ ఎందుకు పోవాలి? నెత్తురు ఇక్కడే తీసి నమూనా అక్కడికి పంపండి. టాక్రోలిమస్, మైకోఫినోలేట్ జిల్లా దవాఖాన మందుల కౌంటర్లోనే, డాక్టరు రాసిన కంపెనీదే, ఆరోగ్యశ్రీ కింద ఆగకుండా ఇవ్వండి. కాగితాలు రెన్యువల్ కాలేదని ఒక్క నెల మందు ఆగినా, ఆ నెల్లోనే రిజెక్షన్ రావచ్చు. పిల్లల గుండె డాక్టరు నెలకోసారైనా మెడికల్ కాలేజీకి వచ్చి ఎకో తీసేటట్టు చూడండి. బడులకు తిరిగే ఆర్‌బీఎస్‌కే బృందాల దగ్గర ఈ పిల్లల జాబితా ఉండాలి, దగ్గరి 108 బండి సిబ్బందికి వాళ్ల ఇల్లు ముందే తెలిసి ఉండాలి. గురుకులాల్లో, కస్తూర్బా బడుల్లో, పెద్ద బస్టాండ్లలో ఏఈడీలు పెట్టండి. పెట్టి తాళం వేయొద్దు. బ్యాటరీ, పట్టీల గడువు చూసే మనిషి పేరు దాని పక్కనే రాసిపెట్టండి.

అవయవదానం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. విజయవాడ రోడ్డు, బెంగళూరు రోడ్డు మన జిల్లాల మీదుగానే పోతాయి. ఆ రోడ్ల మీద తలకు దెబ్బ తగిలి బ్రెయిన్‌డెడ్ అయ్యేవాళ్లు మన ఇళ్ల మనుషులే. 2013 నుంచి నిమ్స్ కేంద్రంగా నడుస్తున్న అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోండి, చేసుకున్న సంగతి ఇంట్లో చెప్పండి. ఆఖరి గడియలో అడిగేది ఇంటివాళ్లనే. ఎవరో తల్లి కడుపుకోతలోంచి వచ్చిన గుండెను, మన ఊళ్లో గోలీ తప్పడం వల్లనో, ఛాతీ నొక్కే చెయ్యి లేకపోవడం వల్లనో పోగొట్టుకోవద్దని మా ఆరాటం.

ఇక పని మొదలుపెడదాం. ఈ కాగితాన్ని బడి నోటీసు బోర్డుకు, పంచాయతీ గోడకు, హోటల్ గల్లాపెట్టె పక్కన అంటించండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. పీహెచ్‌సీ డాక్టరును కలిసి మీ ఊరికి సీపీఆర్ శిక్షణ ఏ రోజు ఇస్తారో తేదీ రాయించుకుని రండి. వచ్చే గ్రామసభలో కింది తీర్మానం చదివి, సర్పంచ్, వార్డు సభ్యులు, హెడ్మాస్టర్, ఆశా, మహిళా సంఘం అధ్యక్షురాలు సంతకాలు పెట్టి, ఒక నకలు మండల వైద్యాధికారికి, ఒక నకలు కలెక్టర్ ప్రజావాణిలో ఇవ్వండి.

తీర్మానం: "మా గ్రామ పంచాయతీ పరిధిలో గుండె మార్పిడి జరిగిన, గుండె జబ్బు ఉన్న పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతితో బడిలో, పల్లె దవాఖానలో, 108 సిబ్బంది దగ్గర ఉంచుతాం. వాళ్లకు గోలీలు వేళకు అందే బాధ్యత పేరుపెట్టి ఒకరికి అప్పజెప్తాం. బడిలో, అంగన్‌వాడీలో, ప్రతి వార్డులో ఇద్దరికి తగ్గకుండా సీపీఆర్ నేర్పిస్తాం, ఏడాదికోసారి మళ్లీ నేర్పిస్తాం. మా ఊరికి దగ్గరలో ఏఈడీ ఎక్కడ ఉందో, దాన్ని చూసుకునే మనిషి ఎవరో పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాం. మందులు, నెత్తురు పరీక్ష జిల్లా కేంద్రంలోనే ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం."

గ్రామం: ____________ మండలం: ____________ తేదీ: ____________

సంతకాలు:

ఇట్లు,
ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తల్లిదండ్రులు, టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు